తెలుగులో చెప్పారని నమ్మాను

(సంఘం సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "మారుతున్న మన ఆహారపు అలవాట్లు". కార్యదర్శి గారు ఫోను చేసి, "మాస్టారూ, పదిహేను నిమిషాలు, పిల్లలకు కూడా అర్థమయ్యేట్టు మాట్లాడండి" అన్నారు. నేను వైద్యుణ్ణి కాను. పండితుణ్ణి అంతకన్నా కాను. ముప్పయ్యేళ్ళకు పైగా కాలిఫోర్నియాలో చిన్నపిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పినవాణ్ణి. నా తెలుగు సాయంకాలపు తరగతుల్లో నేర్చుకున్న తెలుగు. తప్పులు దొర్లితే పెద్ద మనసుతో మన్నించవలసిందిగా కోరుతున్నాను.

అయితే ఈ అంశం మీద మాట్లాడటానికి నాకొక అర్హత ఉంది. ఈ విషయంలో నేను ఒక పెద్ద పొరపాటు చేశాను. దాన్ని మీ ముందు ఒప్పుకోవడానికే ఒప్పుకున్నాను.

ముందు మా కుటుంబం సంగతి రెండు మాటలు. మా తాతగారు 1911లో మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చేరారు. ఊరు అప్పటి విశాఖపట్నం జిల్లాలో చీపురుపల్లి దగ్గర. 1903 నుంచి 1916 వరకు మన దక్షిణాది వారిని అలా ఓడల్లో ఫిజీకి తీసుకుపోయారు. అయిదేళ్ళ ఒప్పందం. "అగ్రిమెంట్" అనే మాట నోరు తిరగక "గిర్మిట్" అయింది. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు కూలి. చెరుకు తోటలో పని. తిండి రేషను తిండి: బియ్యం, పప్పు, "షార్ప్స్" అనే గరుకు గోధుమ పిండి, ఉప్పు, పంచదార, కాస్త నూనె. మనవాళ్ళు అక్కడే కర్రపెండలం, చేమదుంప, చేమ ఆకుతో కొబ్బరిపాల కూర తినడం నేర్చుకున్నారు. డబ్బా చేపలతో పులుసు పెట్టడం కూడా నేర్చుకున్నారు.

ఇక్కడ కూర్చున్న మీలో కొందరు డర్బన్ నుంచి, కొందరు మారిషస్ నుంచి, కొందరు మలేషియా నుంచి వచ్చారు. మీ ఇళ్ళలోనూ ఇదే కథ. డర్బన్ వారి బన్నీచౌ, మారిషస్ వారి ధోల్ పూరీ, మలేషియా వారి రోటీ చనాయ్ ఆంధ్రదేశంలో మన ముత్తాతలు ఎరిగినవి కావు. కాబట్టి అలవాట్లు ఇప్పుడు కొత్తగా మారుతున్నాయని అనుకోవద్దు. మనం అలవాటు మార్చుకుని బతికినవాళ్ళ మనవలం. అప్పట్లో మార్చింది రేషను గుమాస్తా, పక్క గుడిసెవాళ్ళు. ఇప్పుడు మారుస్తున్నది మన చేతిలోని ఫోను. తేడా అంతా అక్కడుంది.

1926లో నాందీ పట్టణంలో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం పుట్టింది. 1941లో మన తెలుగువారి కోసం దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం ఏర్పడింది. మా ఇంట్లో మాటలన్నీ ఫిజీ హిందీలోనే. తెలుగు మాత్రం నేను సాయంత్రం పూట, కిరసనాయిలు దీపం ముందు, పలక మీద నేర్చుకున్నాను. నాకు తెలుగు మాట్లాడేవారు ఇద్దరే: మా నాయనమ్మ, మా తెలుగు మాస్టారు. ఆ తరువాత గుడిలో పూజారి గారు. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1987లో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగింది. మరుసటి ఏడాది మేము కాలిఫోర్నియా వచ్చేశాం. ఇక్కడ జీవితం కుదుటపడింది, నడుము కూడా పెరిగింది. చెరుకు తోటలో పదిగంటలు కష్టపడిన తాతగారు ఎంత అన్నం తినేవారో, రోజంతా నిలబడి పాఠం చెప్పి కారులో ఇంటికొచ్చే నేనూ అంతే తినేవాణ్ణి. టీలో రెండు చెంచాల తీపి డబ్బాపాలు. 2009లో నాకు చక్కెర వ్యాధి అని తేలింది. మెట్‌ఫార్మిన్ మాత్ర మొదలైంది.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. 1980లో ఫిజీలో ఒక పెద్ద సర్వే జరిగింది. అక్కడి మూలవాసుల్లో పట్నంవారికి ఈ వ్యాధి ఎక్కువ, పల్లెవారికి తక్కువ. భారతీయుల్లో మాత్రం పల్లెలోనూ పట్నంలోనూ దాదాపు ఒకటేగా ఉంది. అమెరికాలో 2010 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోనూ షికాగోలోనూ దక్షిణాసియా వారి మీద "మసాలా" అనే పేరుతో ఒక అధ్యయనం జరుగుతూ వచ్చింది. ఇతర జాతులవారికన్నా మనవారిలో చక్కెర వ్యాధి ఎక్కువని అందులో తేలింది. బరువు ఎక్కువగా కనిపించకపోయినా పొట్ట చుట్టూ, కాలేయంలో కొవ్వు చేరడం మన శరీరతత్త్వం. అందుకే 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వారు ఆసియా సంతతి వారికి పరీక్ష మొదలుపెట్టే హద్దును తగ్గించారు. ఎత్తుకు బరువును పోల్చి చూసే లెక్కలో ఇతరులకు 25 హద్దు అయితే మనకు 23. ఇక్కడ ఉన్న యువకులు ఈ అంకె గుర్తుంచుకోండి. "నేను సన్నగానే ఉన్నాను కదా" అని ధీమాగా ఉండవద్దు.

ఇక నా పొరపాటు.

2021 సెప్టెంబరులో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా వదినగారు ఒక వీడియో పంపారు. ఆవిడ నా మంచి కోరే మనిషి. వీడియోలో ఒక పెద్దమనిషి, తెల్లని బట్టలు, చక్కటి తెలుగు. ప్రతి వాక్యానికి ఒక సామెత. ఇరవై ఒక్క రోజులు ఉదయం కాకరకాయ రసం, మధ్యాహ్నం మెంతుల నీళ్ళు, సాయంత్రం పండ్లు మాత్రమే తీసుకోవాలి. మాత్రలు మానెయ్యాలి, అవి విషం. ఇరవై రెండో రోజుకు చక్కెర వ్యాధి పారిపోతుంది. ఇదీ ఆయన చెప్పినది.

నేను సైన్సు మాస్టారిని. ఇదే మాట ఇంగ్లీషులో ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. కాని ఇది తెలుగులో ఉంది. ఆయన "నాయనా" అని పిలుస్తున్నాడు. ఆ పిలుపు నేను విని యాభై ఏళ్ళయింది. ఇందాక జ్ఞాపకం పెట్టుకోమన్నది ఇందుకే. నాకు తెలుగు అంటే నాయనమ్మ, మాస్టారు, గుడి. అప్పటిదాకా తెలుగులో నాతో ఎవరూ అబద్ధం చెప్పలేదు. తెలుగులో అబద్ధం చెప్పవచ్చునని నాకు తట్టనే లేదు.

ఒక వీడియో చూశాక ఫోను దానంతట అదే ఇంకొకటి చూపించింది. అది అయ్యాక మరొకటి. వారం తిరిగేసరికి లోకమంతా కాకర రసమే తాగుతోందని నాకు అనిపించింది. ఇది ఎలా జరుగుతుందో తరువాత తెలుసుకున్నాను. మనం ఎంతసేపు చూస్తే వాళ్ళకు అంత ప్రకటనల ఆదాయం. అందుకని మనం దేని దగ్గర ఆగామో అలాంటిదే మళ్ళీ మళ్ళీ ముందు పెడుతుంది. బజారులో ఇరవైమంది చెప్పినట్టు ఉంటుంది గాని, ఒకడి మాటనే ఇరవైమంది తిప్పి చెబుతుంటారు.

మా ఆవిడ అడ్డుపడింది. "ఏమండీ, డాక్టరమ్మను ఒక్కమాట అడగండి" అంది. "ఆవిడకు మాత్రలు రాయడమే తెలుసు" అన్నాను. ఆ మాట నాది కాదు, వీడియోలోది. నా నోట్లోంచి వచ్చింది.

పద్దెనిమిదో రోజు, అక్టోబరులో ఒక శనివారం. ఏడేళ్ళ మా మనవరాలిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని 99వ నంబరు హైవే మీద మొడెస్టో వెళుతున్నాను. నాలుగు రోజులుగా దాహం, నీరసం. "విషం బయటికి పోతోంది" అని వీడియోలో చెప్పారు కదా అని ఊరుకున్నాను. లోడై దాటాక ముందున్న లారీ రెండుగా కనిపించింది. రోడ్డు మీది గీతలు అలుక్కుపోయాయి. ఎలాగో పక్కకు తీసి ఆపాను. చేతులు వణుకుతున్నాయి. పాప నా ఫోను తీసుకుని వాళ్ళమ్మకు కబురు చేసింది. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో చక్కెర 412. నిర్జలీకరణం. రెండు రాత్రులు అక్కడే ఉన్నాను.

మరునాడు మా డాక్టరమ్మ వచ్చింది. గుంటూరు అమ్మాయి. కోప్పడలేదు. "మాస్టారూ, మాత్ర ఎవరు ఆపమన్నారు?" అని అడిగింది. "ఫోను చెప్పిందమ్మా" అన్నాను. "మీ స్కూల్లో పిల్లవాడు పరీక్షలో ఇలా రాస్తే ఎన్ని మార్కులు వేస్తారు?" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వెనక సీట్లో కూర్చున్న ఆ పిల్ల ముఖమే కళ్ళముందు ఆడుతోంది.

కథ అక్కడితో అయిపోతే నేనీ వేదిక ఎక్కేవాణ్ణి కాను. మంచం మీద పడుకుని ఫోను తీస్తే తెలిసింది, ఆ వీడియో నేనూ పంపాను. ఒకరికి కాదు, నలభై ముగ్గురికి. "నేను చేస్తున్నాను, చాలా బాగుంది" అని కింద రాసి మరీ పంపాను. మాస్టారు చెప్పాడంటే నమ్ముతారు కదా! పంపడానికి అరనిమిషం పట్టింది. వెనక్కి తీసుకోవడానికి రెండు వారాలు పట్టింది. నలభై ముగ్గురికీ ఒక్కొక్కరికీ ఫోను చేసి, "అన్నా, నేను తప్పు చేశాను, ఆసుపత్రిలో పడ్డాను, మీరు మాత్ర మానకండి" అని చెప్పాను. చాలామంది అసలు చూడలేదన్నారు. కొందరు నవ్వారు. మా పెదనాన్నగారి అబ్బాయి, డెబ్బై నాలుగేళ్ళ మనిషి, అప్పటికే పదకొండు రోజులుగా మాత్ర మానేశాడు. నన్ను చూసే మానేశాడు. సకాలంలో మళ్ళీ మొదలుపెట్టాడు గనుక సరిపోయింది. ఆరుగురు అప్పటికే ఇంకెవరికో పంపేశామన్నారు. వాళ్ళెవరో నాకు ఈనాటికీ తెలియదు.

సోదర సోదరీమణులారా, వీడియో పంపడం మనకు ప్రేమ చూపించే పద్ధతి అయిపోయింది. పూర్వం ఒక గిన్నెడు పులుసు పంపేవాళ్ళం, ఇప్పుడు వీడియో పంపుతున్నాం. పులుసు పంపేటప్పుడు మాత్రం ముందు మనం ఉప్పు చూసి పంపేవాళ్ళం.

నేను ఫోనును ఆడిపోసుకోవడానికి రాలేదు. అలా చేస్తే కృతఘ్నుణ్ణి అవుతాను. ఎందుకో చెబుతాను.

మా నాయనమ్మ పన్నెండేళ్ళ పిల్లగా ఫిజీ వచ్చింది. జ్వరం తగిలినప్పుడల్లా, "చోడంబలి ఉంటే లేచి కూర్చుందును" అనేది. చోళ్ళు అంటే ఏమిటో మాకు ఎవరికీ తెలియదు. మాస్టారిని అడిగితే, పుస్తకంలో లేదన్నారు. ఆవిడ 1974లో పోయింది. పోయేముందు కూడా అదే అడిగింది. ఏమిటో తెలియక మేము బియ్యపు గంజి పోశాం.

నేను ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్ని నెలలకు ఒక వీడియో కంటబడింది. విజయనగరం వైపు పల్లెలో ఒక ఆవిడ, పొయ్యి ముందు కూర్చుని కుండలో గరిటె తిప్పుతోంది. అమ్మేదేమీ లేదు, చెప్పే సలహా లేదు. "ఇది మా చోడంబలండి" అంది. నేను ఉలిక్కిపడ్డాను. పిండి రంగు చూశాను. రాగులు! తరగతిలో "ర" అక్షరం దగ్గర నేను నేర్చుకున్న రాగులే మా నాయనమ్మ చోళ్ళు. ఉత్తరాంధ్రలో వాటిని అలా అంటారు. మా వీధిలోని ఇండియన్ కొట్టులో పదిహేనేళ్ళుగా నేను దాటుకుంటూ పోతున్న సంచీలో ఉన్నవి అవే. ఆ రాత్రి ఆ వీడియో చూస్తూ నేనూ మనవరాలూ అంబలి కాచుకున్నాం. ఉండలు కట్టింది. అయినా తాగాం. యాభై ఏళ్ళు ఆలస్యంగా నాయనమ్మ అడిగింది ఏమిటో తెలిసింది. అదే ఫోను నన్ను ఆసుపత్రిపాలు చేసింది, అదే ఫోను నాయనమ్మ మాటను తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు మన దేశంలోనూ ఇక్కడా చిరుధాన్యాల మీద పెద్ద ఆసక్తి ఉంది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సంతోషమే. కాని నేను ఒకసారి కాలు కాల్చుకున్నవాణ్ణి. ఈసారి నాయనమ్మ మాటను కూడా పరీక్షించి చూద్దామనుకున్నాను. డాక్టరమ్మ అనుమతితో, మాత్ర వేసుకుంటూనే, ఒక నోటుబుక్కు పెట్టాను. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు వేలు పొడిచి చూసుకోవడం, రాసుకోవడం.

నా పుస్తకంలోని లెక్కలు ఇవి. పళ్ళెం నిండా తెల్లన్నం, పలచటి పప్పు: 238. పెద్ద గ్లాసు చోడంబలి: 214. చూశారా! నాకు మనసు చివుక్కుమంది. నాయనమ్మ నన్ను మోసం చేసిందా? చేయలేదు. మెత్తగా విసిరిన పిండిని పలచగా కాచి తాగితే అది తొందరగా చక్కెరగా మారిపోతుంది. పొలంలో పనిచేసేవారికి అది సరిపోయింది, సోఫాలో కూర్చున్న నాకు సరిపోలేదు. తరువాత అదే పిండితో చిన్న ముద్ద సంకటి చేసి, ముందు ఆకుకూర, గట్టిపప్పు తిని, ఆఖరున మజ్జిగ తాగి, ఇరవై నిమిషాలు నడిచాను: 158. ఆ పద్ధతిలోనే గరిటెడు తెల్లన్నం తిన్నాను: 161. అంటే నా శరీరానికి తేడా తెచ్చినది ఏ ఒక్క గింజా కాదు. ఎంత తిన్నాను, దేనితో తిన్నాను, తిన్నాక కదిలానా లేదా అన్నవి. ఇవి నా అంకెలు. మీ అంకెలు మీవి. వీటిని దయచేసి ఎవరికీ పంపకండి!

ఈ సందర్భంలో ఒక మహనీయుణ్ణి తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే జబ్బుతో సోదరుణ్ణి పోగొట్టుకున్నారు, తానూ ఆ జబ్బు పడ్డారు. 1920ల్లో ఈ దేశం వచ్చారు. 1925లో ఫిస్కే గారితో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. గర్భస్థ శిశువుల వెన్నుపాము లోపాలను నివారించడానికి 1998 నుంచి అమెరికాలో పోషకాలు చేర్చిన ("ఎన్‌రిచ్డ్") గోధుమ పిండిలో, రొట్టెలో ఆ ఫోలిక్ ఆమ్లం కలపాలని నిబంధన. ఈ దేశంలో కోట్లమంది తినే తిండిని మార్చిన తెలుగువాడు ఆయన. తన గురించి చాటుకోలేదు. ముందు కొలిచారు, తరువాత మాట్లాడారు. తిండి గురించి తెలుగులో ఎవరి మాటైనా విన్నప్పుడు నేను ఇప్పుడు ఆయనను తలుచుకుంటాను. ఈయన కొలిచాడా, లేక చెబుతున్నాడా అని.

నా తరగతిలో పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పేవాణ్ణి. చెబుతున్నది ఎవరు? వారికి ఎలా తెలిసింది? మనం నమ్మితే వారికి వచ్చేదేమిటి? ఆసుపత్రి నుంచి వచ్చాక మా మనవరాలు, "తాతా, మా టీచరు కూడా ఇవే అడగమంటుంది. నువ్వెందుకు అడగలేదు?" అంది. "తెలుగులో చెప్పారమ్మా, అందుకని" అన్నాను. దానికి అర్థం కాలేదు. మీకు అర్థమవుతుందనుకుంటాను.

మనం తెలుగును పూజగదిలో పెట్టుకున్న కుటుంబాలం. అరుదుగా దొరికింది గనుక, విన్న ప్రతి మాటా ప్రసాదంలా తీసుకున్నాం. నేను ఇన్నేళ్ళకు నేర్చుకున్నది ఒకటే. తెలుగు కూడా ఒక బజారు భాషే. అందులో నాయనమ్మలూ ఉంటారు, అమ్ముకునేవాళ్ళూ ఉంటారు. ఎవరు ఎవరో పోల్చుకోగలిగినప్పుడే మనకు భాష వచ్చినట్టు. అందుచేత మన సాయంకాలపు తరగతులకు నాదొక మనవి. పద్యాలు, పాటలు నేర్పుతున్నాం, మంచిదే. నెలకొక రోజు తెలుగు వీడియో ఒకటి పెట్టి, ఆ మూడు ప్రశ్నలు పిల్లల చేత తెలుగులో అడిగించండి. ప్రశ్న అడగడం వస్తే సగం భాష వచ్చినట్టే.

రెండో మనవి పెద్దలకు. ఎవరు ఎంత తీయగా చెప్పినా, డాక్టరును అడగకుండా మాత్ర ఆపవద్దు. ఆరోగ్యం గురించి ఏదైనా పంపేముందు ఉప్పు చూసి పంపండి. పొరపాటున పంపితే, సిగ్గుపడక ఫోను చేసి చెప్పండి. నలభై మూడుసార్లు చెప్పినా చావలేదు, ఇదుగో మీ ముందు నిలబడ్డాను. నా మూడు నెలల సగటు చక్కెర అప్పట్లో 10 శాతం దాటింది, ఈ ఏడాది 6.8. మాత్ర వేసుకుంటూనే ఉన్నాను.

మూడో మనవి వంట కమిటీ వారికి. కాసేపట్లో భోజనాలు. పోయిన ఏడాది వరుసలో మొదట పులిహోర, ఆ తరువాత పూరీ, చిట్టచివర ఆకుకూర ఉన్నాయి. అక్కడికి వెళ్ళేసరికి విస్తరిలో చోటు లేదు. ఈసారి ఆకుకూర, పప్పు మొదట పెట్టించారని విన్నాను. చాలా సంతోషం. లడ్డూ వద్దనడం లేదు. నేనూ సగం తింటాను, మిగతా సగానికి మనవరాలు ఇప్పటికే మాట తీసుకుంది.